పాటకు పద్దు: మన చుట్టుపట్ల గానకథలు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. మా తండ్రిగారు కరణముగా నుండిరి. 1984లో ఆ పదవి రద్దయినను లెక్కల అలవాటు మాత్రము మా యింట రద్దు కాలేదు. ప్రబంధములైనను, శాసనములైనను ఈ గ్రంథాలయపు బల్లమీదనే ఒకరి సాయము లేక చదివికొన్నవాడను. కావున ఈ వ్యాసములో పాండిత్యమును వెదకక, ఒక లెక్కలవాడు పాటల చిట్టాను తిరుగవేసినట్లుగా భావింపవలెనని చదువరులను వేడుచున్నాను.

మన దీవికి ఒకవైపు సముద్రము, ఒకవైపు పులికాటు సరస్సు. సంగీత విద్వాంసులు మనకు దూరపువారని మనలో పలువురి తలంపు. తంజావూరు, తిరువయ్యారు, చెన్నపట్టణము అనియే చెప్పుకొందుము. కాని పటము విప్పి చూచినచో, కర్ణాటక సంగీతమున ప్రసిద్ధికెక్కిన కథలలో కొన్ని మనకు ఒక పగటి ప్రయాణములోనే జరిగినట్లు తెలియును. తిరుమల, శ్రీకాళహస్తి, పుత్తూరు, నాగలాపురము, కార్వేటినగరము, తిరుత్తణి, ఇవి యన్నియు మన ఎద్దుబండ్లు, మన బస్సులు పోయిన ఊళ్ళే. ఆ కథలలో ఏది రశీదు కలది, ఏది నోటిమాటగా వచ్చినది, రెంటివలన మనకు కలిగిన లాభమేమి, నష్టమేమి, అని విచారించుటయే నా ఉద్దేశము.

మొదట నాగలాపురము. చెన్నపట్టణమునుండి ఊతుకోట మీదుగా తిరుపతికి పోవు బాటలో ఉన్న ఈ ఊరిని శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేర వెలయించెనని ప్రసిద్ధి. అక్కడి వేదనారాయణస్వామి ఆలయమును మనలో చాలమంది సేవించియే యుందురు. త్యాగరాజస్వామి (1767–1847) వార్ధక్యమున తిరువయ్యారు విడిచి కాంచీపురము, తిరుపతి, వాలాజాపేట, చెన్నపట్టణము మొదలగు తావులకు యాత్ర చేసిరి. చెన్నపట్టణము చేరువనున్న కోవూరులో సుందరేశ మొదలియారు వారిని ఆదరించెను. కోవూరి సుందరేశ్వరునిపై త్యాగయ్యగారు చెప్పిన అయిదు కృతులు కోవూరి పంచరత్నములని పేరొందినవి.

స్వామివారు ధనము ముట్టరని ఎరిగిన మొదలియారు, వారి పల్లకిలో వారికి తెలియకుండ వెయ్యి బంగారు నాణెములు ఉంచెనట. శిష్యులకు మాత్రము చెప్పి, శ్రీరామనవమి ఉత్సవమునకు వినియోగింపుమనెనట. నాగలాపురపు అడవిలో దొంగలు రాళ్ళు రువ్వజొచ్చిరి. శిష్యులు భయపడి సంగతి విన్నవింపగా, "ఆ ధనము మనది కాదు, రామునిది, ఆయనయే కాచుకొనును" అని స్వామి పలికి, దర్బారు రాగమున "ముందు వెనుక" అను కృతిని పాడిరని కథ. తెల్లవారినపిదప ఆ దొంగలే వచ్చి, మీతో కూడ నడచుచు మాపై బాణములు వేసిన ఆ ఇద్దరు చక్కని పడుచువాండ్రు ఎవరని అడిగిరట.

ఈ కథను లెక్కలవాని కన్నుతో చూచితిని. ఆ నాణెములు వరహాలనుకొన్నచో, వరహా ఒక్కటి మూడున్నర గ్రాములకు కొంచెము లోపుగా తూగును. వెయ్యి వరహాలైనచో మూడున్నర కిలోలకు లోపు. పల్లకి పరుపు క్రింద దాచుటకు వీలైన బరువే. పల్లకి మోయు బోయీలకు ఆ తేడా తెలియదు. ఇంతవరకు పద్దు కుదిరినది. ఇక కృతిని చూడగా, ముందు, వెనుక, ఇరుప్రక్కల తోడుగా రమ్మని రాముని పిలుచుట అందున్నది. అది బాటసారి ప్రార్థనవలెనే యున్నది. కాని నాగలాపురము పేరు అందులో లేదు. కావున ఇది ఊరి పేరు లేని దస్తావేజు. నిజమని తీర్పు చెప్పజాలము, అబద్ధమని కొట్టివేయనుజాలము.

పుత్తూరు కథయు ఇట్టిదే. బావిలో పడి ప్రాణము విడిచిన ఒక గృహస్థుని చూచి, అతని భార్యాబిడ్డల దుఃఖమునకు కరగి, త్యాగయ్యగారు బిలహరి రాగమున "నా జీవాధార" అను కృతిని పాడగా అతడు లేచి కూర్చుండెనని చెప్పుదురు. కృతిలో బావి లేదు, పుత్తూరు లేదు. ప్రాణమునకు ఆధారమైనవానిని పిలుచుట మాత్రమున్నది. ఆ ఒక్క మాటయే ఆ కథకు బీజమై యుండవచ్చును.

తిరుమల కథ మాత్రము వేరు. స్వామి దర్శనమునకు పోయిన త్యాగయ్యగారికి, ఆ సమయమున తెర వేసియుండుటచే దర్శనము దొరకలేదు. అపుడు గౌళిపంతు రాగమున "తెర తీయగరాదా" అని పాడగా తెర తనంత తానే తొలగెనని మన ఇండ్లలో పిల్లలకు కూడ చెప్పుదురు. ఈ కృతిలో తిరుపతి వెంకటరమణుని పేరున్నది. కావున రశీదుపై ఊరు స్పష్టము. అయితే కృతిని చివరివరకు చదివినవారికి మరియొక సంగతి బోధపడును. ఆయన తీయుమన్నది గర్భగుడి ముందరి గుడ్డ తెర కాదు. తనలోని మత్సరమను తెర. వెలుపలి తెరను చూచి లోపలి తెరను తలచినది కవి హృదయము. లోకులు ఆ లోపలి తెరను మరచి, వెలుపలి తెర జరిగిన అద్భుతమునే చెప్పుకొనుచున్నారు. కథ పాటను మోసికొని తిరుగును. కాని ఒక్కొక్కప్పుడు పాటకు అడ్డముగా నిలుచును. ఈ రెండును మనము ఎరిగియుండవలెను.

ఈ కథలు మనవరకు వచ్చుటకు వాలాజాపేట వేంకటరమణ భాగవతారు, వారి కుమారుడు కృష్ణస్వామి భాగవతారు ముఖ్యకారకులు. గురువు పాడిన కృతులను, గురువు చరిత్రను వ్రాసియుంచిన ఈ తండ్రికొడుకులు లేకున్నచో త్యాగయ్యగారి జీవితము సగము మనకు చీకటియే. వారి వ్రాతలు మధురలోని సౌరాష్ట్ర సభలో భద్రపరుపబడినవి. వ్రాయుటయు ఒక సేవయే యనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

శ్రీకాళహస్తికి పోవుదము. ముత్తుస్వామి దీక్షితులవారు (1775–1835) పంచభూత లింగక్షేత్రములపై అయిదు కృతులు రచించిరి. కంచి, తిరువానైక్కావు, తిరువణ్ణామలై, చిదంబరములతోపాటు వాయులింగమైన మన కాళహస్తీశ్వరునిపై హుసేని రాగమున "శ్రీ కాళహస్తీశ" అను కృతి వెలసినది. దీక్షితులవారి తొలి కృతి "శ్రీనాథాది గురుగుహో" తిరుత్తణిలో పుట్టినదని సంప్రదాయము. ఆ తిరుత్తణి 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదే. ఒక వృద్ధుడు తన నోట కలకండ వేసి మాయమయ్యెననియు, ఆయనయే కుమారస్వామియనియు కథ. ఆ కథ ఎట్లున్నను, కాళహస్తి కృతికి అంతకంటె గొప్పదైన రక్ష ఒకటి కలిగినది. అది స్వరలిపి.

1904లో ఎట్టయపురమునుండి సుబ్బరామ దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" వెలువడినది. తమిళసీమలో అచ్చయిన ఆ మహాగ్రంథము తెలుగు లిపిలో నున్నది. దానికి ప్రేరకుడు చిన్నస్వామి మొదలియారు. ఆయన క్రైస్తవుడు, చెన్నపట్టణపు సచివాలయమున ఉద్యోగి, అనగా మావలె కాగితముల నడుమ బ్రతికినవాడు. మన సంగీతము నోటితో వచ్చి నోటితో పోవుచున్నదని వగచి, తన ధనమును, కంటిచూపును వెచ్చించి, కృతులను స్వరముతో వ్రాయించుటకు పూనెను. గ్రంథము అచ్చగుట చూడకయే గతించెను. హిందూ దేవతల కృతులను కాపాడుటకు ఒక క్రైస్తవ ఉద్యోగి పాటుపడుట మనము మరువరాని విషయము. నేడు హుసేని రాగమున కాళహస్తీశుని కీర్తించు గాయకుడు ఆ పుటను తెరచి, మాటతోపాటు స్వరమును, గమకమును చూచికొనవచ్చును. ఇది పూర్తి పద్దు.

ఇక అసంపూర్తిగా నున్న మహా పద్దు గూర్చి చెప్పవలెను. అది తాళ్ళపాకవారిది.

రాజంపేట సమీపమునగల తాళ్ళపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. తిరుమల రాగిరేకులలో మొదటిదానిపై చెక్కిన విషయము లెక్కలవానికి మిక్కిలి ప్రీతి కలిగించును. శాలివాహన శకము 1346, క్రోధి సంవత్సరమున, పదునారవ యేట స్వామి ప్రత్యక్షమైనది మొదలు, శకము 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు పాడిరని అందున్నది. మొదలు, తుది, తిథితో సహా వ్రాసిన ఇట్టి పద్దు మన పాతకవులలో ఎందరికున్నది? ఇందొక చమత్కారము కూడ కలదు. శకము 1346 అనగా క్రీస్తు శకము 1424. ఆయన పాట మొదలిడినది క్రీస్తు శకము 1424లో. ముగించినది శాలివాహన శకము 1424లో. నడుమ డెబ్బది యెనిమిదేండ్లు. రెండు శకములకు గల తేడాయు డెబ్బది యెనిమిదియే. శకము గమనింపనివారు రెంటిని ఒకటిగా భ్రమపడుదురు. లెక్కలలో శీర్షిక చూడక అంకె చూచినవాని గతి ఇట్టిదే.

అన్నమాచార్యుల గూర్చి ప్రసిద్ధమైన కథ పెనుగొండది. సాళువ నరసింహుడు ఆయన శృంగార పదము విని మురిసి, తనపై కూడ అట్టిదొకటి చెప్పుమనెను. హరిని పొగడిన నోట నరుని పొగడజాలనని ఆచార్యులు చెవులు మూసికొనిరి. రాజు కోపించి సంకెళ్ళు వేయింపగా, సంకీర్తనచే సంకెళ్ళు ఊడిపడెను. ఈ కథను మనకు చెప్పినది మనుమడైన చిన్నన్న. ద్విపదలో రచించిన "అన్నమాచార్య చరిత్రము" అనునది ఆయన గ్రంథము. ఇది ఇంటివారి సాక్ష్యము. ఇంటివారి సాక్ష్యములో ప్రేమ పాలు ఎక్కువగా నుండుట సహజము. అయినను కవికిని ప్రభువునకును నడుమ పాట ఎవరి సొత్తు అను తగవు నిజమైనదే. ఆ తగవు ప్రతి యుగమునను ఉన్నది.

ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలమున ఈ సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయములో హుండీ చేరువనున్న చిన్న అరలో ఉంచబడినవి. దానినే సంకీర్తన భాండాగారమందురు. రేకులు 2,000కు పైగా. పాటలు ముప్పదిరెండు వేలని ప్రసిద్ధి. దొరికినవి పండ్రెండు వేలకు పైబడినవి. తరతరముల యాత్రికులు ఆ అర ప్రక్కనే నడచి హుండీలో కానుకలు వేసిరి. ప్రక్కనే ఇంకొక నిధి యున్నదని ఎరిగినవారు కొందరే.

ఎవరును ఎరుగరనుట కూడ సరికాదు. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన క్యాంబెల్ దొర ఈ రేకుల మాట విని, ఏదో శాస్త్రగ్రంథము దొరకునని విచారింపగా, అవి దేవుని పాటలని తెలిసి విడిచిపెట్టెను. అనగా పద్దు పోలేదు, చదువువాడు లేకపోయెను. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆలయ శాసనములను పరిశోధించు సందర్భమున ఈ రేకులు మరల వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పెద్దలు పాఠములను పరిష్కరించి ప్రకటించిరి.

ఇచట చిక్కు వచ్చినది. ప్రతి పాటకు పైన రాగము పేరున్నది. స్వరము లేదు, తాళము లేదు. కొండమలహరి, అబాలి, అమరసింధు వంటి కొన్ని రాగముల పేర్లు నేటి కచేరీలలో వినబడవు. ముఖారి వంటి తెలిసిన పేరున్నను, నాటి ముఖారియు నేటి ముఖారియు ఒకటియే యని ప్రమాణము చేయువారు లేరు. శీర్షిక యున్నది, మొత్తమున్నది. నడుమ వివరము లేదు. తనిఖీ అధికారి ఇట్టి చిట్టాను చూచినచో ఏమనునో మీరే ఊహింపుడు.

రాళ్ళపల్లివారు సంస్కృతాంధ్రములందును సంగీతమునందును సమాన ప్రజ్ఞ కలవారు. వారు నూరుకు పైగా పాటలకు స్వరము కూర్చి పోయిన ప్రాణమునకు బదులుగా క్రొత్త ప్రాణము పోసిరి. వారు 1979లో కీర్తిశేషులైరి. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. ఆ పిదప శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి "బాలాజీ పంచరత్నమాల" వలనను, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాదుగారు మున్నగువారి కృషివలనను ఆ పాటలు ఇంటింట మ్రోగినవి. మనము తెల్లవారుజామున విని కన్నులు మూసికొను అన్నమయ్య పాటలలో మాట పదునైదవ శతాబ్దిది. వరుస మాత్రము మన తండ్రుల కాలపుది, లేక మన కాలపుది. ఇందు తప్పు లేదు. కాని తెలిసికొని వినుట మేలు.

అయితే ఒక విశేషము. రేకులు అరలో మూతపడియున్న కాలమున కూడ అన్నమయ్య పాట పూర్తిగా మూగవోలేదు. భజన గోష్ఠులలో తోడయమంగళమున "శరణు శరణు సురేంద్ర" అని ఆయన పాట పాడుచునేయుండిరి. మన తల్లులు ఊయల ఊపుచు "జో అచ్యుతానంద" అని పాడుచునేయుండిరి. పలువురకు అది ఎవరి పాటయో తెలియదు. తెలియకయే కాపాడిరి. రాగిరేకు మాటను కాచినది. భజన, ఊయల వరుసను నడిపించినవి. రాగికి తుప్పు భయము, నోటికి మృత్యు భయము. రెండును కలసి యున్నచోటనే పాట నిలిచినది.

కార్వేటినగరము చరిత్రయు ఇదే చెప్పుచున్నది. అక్కడి వేణుగోపాలస్వామి ముద్రతో పదములు రచించిన సారంగపాణి, మోహన రాగ వర్ణము మొదలగు వర్ణములు కూర్చిన గోవిందసామయ్య, ఇరువురును ఆ సంస్థానపు నీడన వర్ధిల్లినవారు. సంస్థానము గతించినది. గోవిందసామయ్య వర్ణము నేర్చుకొను విద్యార్థుల నోట బ్రతికియున్నది. సారంగపాణి పదములు పుస్తకమున నిలిచి, నాట్యము నేర్చినవారు కొందరు పాడగా మాత్రము వినబడుచున్నవి.

ఇప్పుడు నా పద్దులోని లోపము చెప్పుకొనవలెను. ఇది చెప్పుటకే ఇంత వ్రాసితిని.

1969లో మన దీవి రాకెట్ కేంద్రమునకు ఎన్నికైనపిదప, పెద్దలు పాత ఊళ్ళు విడిచి వేర్వేరు తావులకు చేరిరి. మా నాయనమ్మ దీవిలోని ఊరిలో నేర్చిన పాటలను క్రొత్త యింటికి తెచ్చుకొనెను. పెండ్లిపాటలు, మంగళహారతులు, చంగాళమ్మ తల్లిపై పాటలు, సరస్సులో పడవ నడుపునప్పటి పదములు. నాకు పదునెనిమిదవ యేట ఒక బుద్ధి పుట్టి, మా తండ్రిగారు విడిచిన పాత అడంగలు పుస్తకము వెనుక ఖాళీ పుటలలో ఆ పాటలు వ్రాసికొంటిని. మొత్తము నలుబది మూడు. క్రమసంఖ్య వేసితిని, గీతలు గీసితిని. "వరుస" అని ఒక గడి కూడ పెట్టితిని. ఆ గడిలో ప్రతి పాటకు నేను వ్రాసినది ఒక్కటే: "పాత వరుస".

నాయనమ్మ పోయినది. ఆమెతో కూడ పాడిన మా మేనత్తయు పోయినది. పుస్తకము నా పెట్టెలో భద్రముగా నున్నది. నలుబది మూడు పాటలలో నేను ఎత్తుకొనగలిగినవి నాలుగు. తక్కినవాటి ముందు "పాత వరుస" అను మాట నన్ను చూచి నవ్వుచున్నది. తాళ్ళపాకవారి రేకులు మొదటిసారి చదివినపుడు నాకు తెలిసినది ఇదే: ఆ మహానుభావుల రాగిపై జరిగిన లోపమే, నా చిరుగు పుస్తకములో నేను చేసితిని. వారి పాటలకు రాళ్ళపల్లివారు దొరకిరి. మా నాయనమ్మ పాటలకు ఎవరు దొరకుదురు?

పోయిన సంవత్సరము మన గ్రంథాలయమున జరిగిన భజనలో, ఒక చందాదారుని తల్లిగారు, ఎనుబది దాటిన ముదుసలి, గోడకానుకొని కూర్చుండి ఒక పెండ్లిపాట ఎత్తుకొనెను. నా పుస్తకములోని పదునేడవ పాట అది. ముప్పదియేండ్లు దాటినపిదప ఆ పాట నా చెవిని పడినది. రెండవ చరణమున నేను వ్రాసిన మాట తప్పనియు అప్పుడే తెలిసినది. "ఏమమ్మా, ఈ వరుస ఎవరు నేర్పినారు?" అని అడిగితిని. "నేర్పేదేముంది నాయనా, అందరూ పాడుతుంటే వచ్చింది" అనెను. ఆ "అందరూ" ఇప్పుడు ఎందరున్నారు?

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి, చందాదారులకు నా మనవి ఒక్కటి. మన గ్రంథాలయమున పుస్తకముల పట్టిక యున్నట్లే, పాటలకొక పద్దు పుస్తకము పెట్టుదము. అందు ఆరు గడులు చాలును. పాట మొదటి మాట, పాడినవారు, ఎవరివద్ద విన్నారు, ఏ సందర్భమున పాడుదురు, వ్రాసికొన్న తేదీ, ధ్వని భద్రపరచిన చోటు. ఆరవ గడి ముఖ్యము. అన్నమయ్య కాలమున లేని యంత్రము నేడు ప్రతి పిల్లవాని చేతిలోను ఫోను రూపమున ఉన్నది. దానితో పాటను పట్టి, గ్రంథాలయపు కంప్యూటరులో ఒకటి, వేరొక చోట ఒకటి, రెండు ప్రతులు నిలుపవలెను. మాటలు కాగితముపై వ్రాయవలెను. ఏలయన యంత్రము చెడును, కాగితము కొంతకాలము నిలుచును. అన్నిటికంటె మిన్నగా, నెలకొక సాయంకాలము పెద్దలచే పాడించి పిల్లలచే పలికింపవలెను. ఏలయన పాడని పాట భద్రముగా నున్న శవమే.

కథలను కూడ వ్రాసికొందము. తెర తొలగినదా, దొంగలకు రామలక్ష్మణులు కనబడిరా అని తగవులాడ నక్కర లేదు. కథ యెదుట "విన్నది" యని వ్రాయుదము. కృతిలో నున్నదానికి "చూచినది" యని వ్రాయుదము. రెండును నిలుపుదము. కథ లేక పాటవద్దకు పిల్లవాడు రాడు. పాట లేక కథకు విలువ లేదు.

పదునేడవ పాటను ఆ ముదుసలి తల్లిచే మరల పాడించి ఫోనులో పట్టితిని. నా పాత పుస్తకములో ఆ గడిలోని "పాత వరుస" అను మాటను కొట్టివేసి, ఆమె పేరును, తేదీని వ్రాసితిని. ఇంకను ముప్పదియెనిమిది మిగిలియున్నవి. ఆ పాటలు తెలిసిన పెద్దలు మీ ఇండ్లలో నుండినచో దయచేసి గ్రంథాలయమునకు తోడ్కొని రండు. రాలేనివారుండినచో కబురు పంపుడు. పుస్తకమును చంకబెట్టుకొని నేనే వచ్చెదను.